వంటింటికి చెప్పిన వేడుక

"మరి ఈసారి టీలు ఎవరందిస్తారు వదినా?" అన్నాడు మా మరిది, టీవీ వెనక వైర్లు సర్దుతూ.

అతని మనసులో చెడేమీ లేదు. ఆ మాట అన్నాక తనే ఒక క్షణం ఆగిపోయి, మళ్ళీ వైర్లలోకి తల దూర్చాడు. నేను బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. చేతిలో ఉన్నది పూర్తిగా తీసి, నీళ్ళలో వేసి, ఇంకోటి తీసుకున్నాను. అత్తయ్య పోయాక ఒక చలికాలం గడిచింది. ఆవిడ లేరన్న సంగతి ఈ ఇంట్లో ఇలాగే తెలుస్తూ ఉంటుంది. ఎవరో ఒకరు ఏదో ఒక పని గురించి అడుగుతారు. ఆ పని ఇన్నాళ్ళూ ఎవరు చేశారో అప్పుడు గుర్తొస్తుంది.

మా వంటింటికీ హాలుకీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. దానికి తలుపుల్లేవు. ఒక పళ్ళెం, నాలుగు కప్పులు పట్టేంత వెడల్పు. ఇల్లు కట్టినప్పుడు మామయ్యగారు ముచ్చటపడి పెట్టించారట. ఆ కిటికీ పక్కన, హాలు వైపు, ఒక చెక్క కుర్చీ. అది అత్తయ్యది. నేను ఇటునుంచి కప్పులు పెడితే ఆవిడ అటునుంచి తీసి అందరికీ అందించేవారు. పొయ్యి దగ్గర నిలబడితే నాకు కిటికీలోంచి కనిపించేది ఆవిడ చెంప, చెవి దగ్గర నెరిసిన జుట్టు, ఎదుటి గోడ మీద గడియారం. అంతే. టీవీ కనపడదు.

నాలుగేళ్ళకోసారి ప్రపంచమంతా ఒకచోట చేరి ఆడే ఆ క్రీడల ప్రారంభోత్సవం మా ఇంట్లో పెద్ద సంబరం. "ఆటలు ఎవడైనా చూస్తాడు, మొదటిరోజు చూడాలి," అంటారు మామయ్యగారు. వీధి మొత్తానికీ పెద్ద టీవీ మాదే అయిన రోజుల్లో మొదలైన అలవాటు. ఇప్పుడు అందరిళ్ళలోనూ మాకంటే పెద్దవి ఉన్నా అలవాటు పోలేదు. నా పెళ్ళయిన ఏడే ఆ వేడుక ఒకసారి వచ్చింది. హాలు నిండా మామయ్యగారి స్నేహితులు, మా ఆయన ఆఫీసువాళ్ళు. కొత్త కోడల్ని, పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. హాల్లోంచి ఒకటే హోరు. "అబ్బ!" "చూడు చూడు, ఎలా ఎగిరాడో!" "వీళ్ళు మనుషులేనా అసలు!" ఉండబట్టలేక గుమ్మం దాకా వెళ్ళాను. మా ఆయన టీవీ మీంచి కళ్ళు తీయకుండానే ఖాళీ కప్పు నా చేతికిచ్చి, "ఇంకాస్త చిక్కగా," అన్నారు.

వెనక్కి వచ్చేశాను. అప్పుడు కిటికీలోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నేల మీదికి సముద్రం వచ్చిందే. నీలం గుడ్డ. ఎంత గుడ్డనుకున్నావు, మన వీధంత! కింద పిల్లలు దూరి ఊపుతున్నారు కాబోలు, అలలు లేస్తున్నాయి."

గరిటె పట్టుకుని అలాగే నిలబడి విన్నాను.

"ఎవరో కోటు వేసుకుని మాట్లాడుతున్నాడు. అది నీకక్కర్లేదు, కూర చూసుకో. ఆఁ, ఇప్పుడు దేశాలు వస్తున్నాయి. జెండా పట్టుకుని ఒకళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనకాల. వీళ్ళెవరో మరి. జెండా ఎర్రగా ఉంది, మధ్యలో తెల్ల ప్లస్సు గుర్తు. మందుల షాపు వాళ్ళలా ఉన్నారు."

"స్విట్జర్లాండ్ అత్తయ్యా," అన్నాను. నేను బళ్ళో భూగోళం చెప్తాను. జెండాలు నాకు కొట్టిన పిండి.

తెర మీద పేర్లు ఇంగ్లీషులో పడతాయి. అది చదవడం అత్తయ్యకి రాదు. ఆవిడ అటు తిరిగి అందరికీ వినపడేలా, "స్విట్జర్లాండ్ వాళ్ళు," అన్నారు.

"నీకెలా తెలిసిందే?" అన్నారు మామయ్యగారు.

"తెలుస్తుంది," అన్నారు అత్తయ్య, కిటికీ వైపు తిరిగి నాకు కన్ను గీటి.

మా ఆట అలా మొదలైంది. ఆవిడ జెండా చెప్పేవారు, నేను దేశం చెప్పేదాన్ని. "రెండు ముక్కోణాలు ఒకదాని మీద ఒకటి. దర్జీ కత్తిరించి, కుట్టడం మర్చిపోయినట్టుంది." నేపాల్. "వీళ్ళు ముగ్గురే వచ్చారే. ముగ్గురే! అయినా ఆ ముందు పిల్లని చూడు, వెనకాల ఊరంతా ఉన్నట్టు నడుస్తోంది." చిన్న దేశాల దగ్గర ఆవిడ ఎక్కువసేపు ఆగేవారు. హాల్లో వాళ్ళకి ఆ ఒక్కసారే ఆశ్చర్యం. ఆ తర్వాత ఆవిడకి 'రేడియో' అని పేరు పెట్టేశారు. "అబ్బబ్బా, రేడియో కాస్త తగ్గించవే, కామెంటరీ వాడు చెప్తున్నాడుగా," అనేవారు మామయ్యగారు. "ఆ కామెంటరీ వంటింటికి వినపడదండి," అనేవారు అత్తయ్య, ఏమాత్రం తగ్గించకుండా.

మర్నాడు బళ్ళో హెడ్మాస్టరుగారు, "భూగోళం మీరే కదమ్మా, ప్రారంభోత్సవం గురించి పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పండి," అన్నారు. చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది. విన్నదే చెప్పాను. మందుల షాపు దగ్గర పిల్లలు విరగబడి నవ్వారు, ముగ్గురే వచ్చిన దేశం దగ్గర నిశ్శబ్దమైపోయారు. అప్పటినుంచీ ఆ వేడుక మర్నాడు అసెంబ్లీలో మాట్లాడడం నా పనే అయింది. మా బడి పిల్లలకి ప్రపంచం నా నోటితో వెళ్ళిందని అందరూ అనుకుంటారు. నిజానికి అది అత్తయ్య నోటితో వెళ్ళింది.

తర్వాతి వేడుక నాటికి మా పాప చంకలో ఉంది. నన్ను ఉద్యోగం మాన్పించాలని అప్పటికే ఇంట్లో నిర్ణయమైపోయింది. ఎవరూ గట్టిగా అరవలేదు, తిట్టలేదు. మంచి మాటలే. "బడంటే ఏముంది, పిల్లల్ని కూర్చోబెట్టడమేగా," అన్నారు మామయ్యగారు. "నీ బదులు ఇంకో టీచరొస్తుంది. పిల్లకి నీ బదులు ఇంకో అమ్మ వస్తుందా?" అన్నారు మా ఆయన. ఇంకో నాన్న కూడా రాడు కదా అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తోచింది. అత్తయ్య అక్కడే కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతున్నారు. ఒక్క మాట అనలేదు. వాళ్ళిద్దరి మాటలకన్నా ఆవిడ మౌనమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "సరే, వేడుకైన మర్నాడే హెడ్మాస్టరుగారికి చెప్పేస్తాను," అన్నాను.

ఆ సాయంత్రం ఒక చేత్తో పాపని ఎత్తుకుని, ఒక చేత్తో వేయిస్తూ, జెండాలకి దేశాలు ముక్తసరిగా చెప్పాను. ఆట మీద మనసు లేదు. చివరికి హాల్లో అందరూ లేచి నిలబడిన చప్పుడైంది. ఈలలు, చప్పట్లు.

"అమ్మాయ్, జ్యోతి వచ్చింది."

"ఎవరు తెచ్చారత్తయ్యా?" అన్నాను, అలవాటు కొద్దీ.

కిటికీలోంచి చూస్తే ఆవిడ మొహం టీవీ వైపు లేదు. నన్నే చూస్తున్నారు. తర్వాత అటు తిరిగారు.

"ఆడమనిషే. పరిగెత్తడం లేదు, నడుస్తోంది. ఆటలు ఆడే మనిషి కాదట. టీచరట."

నేను మంట తగ్గించాను. "టీచరా?"

"ఆఁ. ఏదో చిన్న ఊళ్ళో బడి. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళంతా పెద్దవాళ్ళయిపోయి గుంపుగా వెనకాలే వస్తున్నారు. టీచర్ టీచర్ అని అరుస్తున్నారు. ఓసి, చంకలో పిల్ల కూడా ఉందే!"

"పిల్లా?"

"ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో జ్యోతి. చెయ్యి వణకడం లేదు. మెట్లెక్కుతోంది. ఎక్కేసింది. వెలిగించేసింది, అమ్మాయ్!"

హాలు దద్దరిల్లింది. నేను పొయ్యి ఆర్పేసి, పాప తల మీద గడ్డం ఆనించి, కాసేపు నిలబడ్డాను.

అంత పెద్ద వేడుకలోకి చంకలో పిల్లతో ఎవరైనా వస్తారా అని నాకు ఆ రోజు తోచలేదు. తోచనివ్వలేదు. మర్నాడు అసెంబ్లీలో ఆ టీచరు గురించే చెప్పాను. చెప్పి కిందికి దిగాక హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళాల్సిన కాళ్ళు ఆరో తరగతి గదికి వెళ్ళాయి. మా డ్రిల్లు మాస్టారు వరండాలో ఎదురై, "మేం టీవీలో చూసినదానికంటే మీరు చెప్పిందే బాగుంది టీచరుగారూ," అన్నారు. పొగడ్తనుకుని సంతోషించాను. అప్పట్లో ఫోన్లలో వీడియోలు లేవు. బడికి వచ్చిన పేపర్లో బాణసంచా ఫోటో వేశారు. ఇంటికెళ్ళి, "ఇవాళ చెప్పడం కుదరలేదు," అన్నాను. మా ఆయన మొహం చిట్లించారు. అప్పుడు అత్తయ్య, చాలా మామూలుగా, "పిల్లని నేను చూసుకుంటాలెండి, దాన్ని వెళ్ళనివ్వండి," అన్నారు. అప్పటినుంచీ మా పాప స్నానాలూ తిండీ నిద్రా జ్వరాలూ అన్నీ ఆవిడవే. నా ఉద్యోగం నిలబడింది ఆవిడ మోకాళ్ళ మీద. ఆ మోకాళ్ళ నొప్పి గురించి మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు, నాతో సహా.

ఆ పాప ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈసారి మామయ్యగారి వంతు. పగలు ఆయనకి మందులివ్వాలి, నడవడానికి చెయ్యి ఆసరా కావాలి. "అమ్మ ఉన్నన్నాళ్ళూ వేరు," అన్నారు మా ఆయన పోయిన వారం. "నాన్నని పగలు ఎవరు చూస్తారు చెప్పు? నీ బదులు ఇంకో టీచరొస్తుంది." అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. ఒక మనిషిని పెట్టుకుందామన్నాను. "బయటివాళ్ళ చేతుల్లో పెడతావా?" అన్నారు. నేను వాదించలేదు. దుఃఖంలో ఉన్న మనిషి చేత దేనికైనా సరే అనిపించవచ్చు. "సరే, ప్రారంభోత్సవం అయిన మర్నాడు అసెంబ్లీ నాదే కదా, అది అయ్యాక చెప్పేస్తాను," అన్నాను. ఆ మర్నాడు అంటే రేపు.

పోయినసారి వేడుకప్పుడు అత్తయ్య నాతో ఒక మాటన్నారు. "వచ్చేసారి మధ్యాహ్నమే వండి పడేసి, నువ్వూ ఇక్కడ కూర్చోవే. ఒక్కసారైనా మొదటినుంచీ చివరిదాకా చూడు. నేను చెప్పేవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవద్దూ?" అని, ఎందుకో చాలాసేపు నవ్వుకున్నారు.

అందుకే ఇవాళ మధ్యాహ్నమే వండి పడేశాను. సాయంత్రం మొహం కడుక్కుని వచ్చి కిటికీ పక్కన ఆ చెక్క కుర్చీలో కూర్చున్నాను.

ఇప్పుడు మా హాల్లో జనం పలచబడ్డారు. మామయ్యగారు, రిటైరైన స్టేషన్ మాస్టరొకాయన, మా ఆయన, మరిది. స్టేషన్ మాస్టరుగారు గడియారం చూసి, "మొదలవ్వాల్సిన టైము దాటిపోయింది. ఇంత ఖర్చు పెట్టి లేటా?" అన్నారు. ఇంకా పాత వేడుకల దృశ్యాలే చూపిస్తున్నారు.

"టీ?" అన్నారు మా ఆయన నావైపు చూసి.

"నేను చూస్తున్నానండీ. టీ పొడి కింది అరలో ఉంది. మామయ్యగారి దాంట్లో పంచదార వేయకండి."

ఆయన నేను మాట్లాడింది వేరే భాషేమో అన్నట్టు చూశారు. మరిది, "అన్నయ్యా, నువ్వు వంటింట్లోకా? ఫైరింజన్ వాళ్ళకి ముందే చెప్పనా?" అన్నాడు.

"నోర్ముయ్యరా," అంటూ లేచారు మా ఆయన. "ఒక్క టీయేగా. బ్రహ్మవిద్యా ఏమన్నానా?"

ఆయన లోపలికి వెళ్ళిన కాసేపటికి తెర మీద మా పాప చంకలో ఉన్ననాటి ఆ వేడుక వచ్చింది. ఏ సంవత్సరానిదో చెప్తూ కింద అంకె పడింది. ఇన్నేళ్ళకైనా ఆ టీచర్ని చూడబోతున్నాను. స్టేడియం లేచి నిలబడింది. జ్యోతి పట్టుకుని ఒక పొడుగాటి కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. జింకలా ఉన్నాడు. మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కి, నవ్వుతూ చెయ్యి చాచి వెలిగించాడు.

చంకలో పిల్ల లేదు. వెనకాల ఎవరూ లేరు.

"మామయ్యగారూ," అన్నాను. "ఆ ఏడు జ్యోతి వెలిగించింది టీచర్ కాదా?"

"టీచరేమిటమ్మా? ఆ పొడుగు కుర్రాడేగా. పరుగుల వీరుడు. మేమంతా చూశాంగా."

"టీచర్ వెలిగించిందని అత్తయ్య చెప్పారు."

"ఎప్పుడు?"

"అప్పుడే. మీ పక్కనే కూర్చుని. గట్టిగానే చెప్పారు."

మామయ్యగారు టీవీ వైపు చూశారు, నా కుర్చీ వైపు చూశారు. "నేను వినలేదమ్మా," అన్నారు.

వినలేదు. ఎవరూ వినలేదు. హాలు నిండా మగవాళ్ళు ఉన్నారు, అందరి కళ్ళూ తెర మీదే ఉన్నాయి. వాళ్ళ మధ్యలో కూర్చుని ఆవిడ తెర మీద లేని మనిషిని నడిపించింది, ఆమె చంకలో పిల్లని పెట్టింది, వెనకాల ఊరంత శిష్యుల్ని పెట్టింది, చెయ్యి వణక్కుండా జ్యోతి వెలిగింపజేసింది. అదేమిటే, అక్కడ కుర్రాడు కదా ఉన్నాడు, అని అడగడానికి ఒక్కరి చెవీ ఆవిడ వైపు లేదు. ఇంట్లో తన మాట ఎవరూ వినరని ఆవిడకి ఎంత బాగా తెలుసో! అది తెలిసే ఆవిడ దాన్ని వాడుకుంది. నన్ను ఉద్యోగం మాన్పిస్తుంటే ఆ రోజు నోరెత్తలేదని నేను ఇన్నేళ్ళూ లోపల్లోపల అనుకున్న మనిషి, అందరి ఎదుటా, అందరికంటే గట్టిగా, చెప్పాల్సిన చోటికి చెప్పేసింది. నా ఎదురుగా గాజు తెర మీద మెరుపులు మెరుస్తున్నాయి. నాకు కాసేపు ఏమీ కనపడలేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని సర్దుకుని కూర్చున్నాను. మొదటినుంచీ చివరిదాకా చూడమన్నారు కదా ఆవిడ.

చూశాను. ఎంత బాగుందో చెప్పడానికి నాకున్న మాటలు చాలవు. చీకట్లో వేలమంది దీపాలు పట్టుకుని నిలబడి, ఒకరికొకరు అందించుకుంటూ నేల మీద ఒక నది గీశారు. ఒక్క దీపం తడబడలేదు. ముసలి గాయని ఒకామె వాయిద్యాలేవీ లేకుండా పాడితే అంత పెద్ద మైదానమూ ఊపిరి బిగబట్టింది. మా స్టేషన్ మాస్టరుగారు కూడా, "ఇదీ! దీనికోసం లేటైనా పర్లేదు," అన్నారు. మరిది ఫోన్ పక్కన పెట్టేశాడు. ఆ కుర్చీలోంచి చూస్తుంటే ఇంకో సంగతి తెలిసింది. పుస్తకాల బీరువా అడ్డం. మెడ ఎంత తిప్పినా తెర సగమే కనపడుతుంది. సగం తెర చూసి ఆవిడ నాకు వేడుక మొత్తం చూపించారు.

దేశాలు మొదలయ్యాయి. మామయ్యగారు కళ్ళు చికిలించి ముందుకి వంగారు. కాసేపాగి, మెల్లగా, "అమ్మాయ్, ఈ జెండా ఎవరిది?" అని అడిగారు. చెప్పాను. "ఇది?" చెప్పాను. "వీళ్ళు ఇద్దరే ఉన్నారేమిటి?" అన్నారు.

"ఇద్దరే అయినా చూడండి, వెనకాల ఊరంతా ఉన్నట్టు నడుస్తున్నారు."

ఆయన నావైపు తిరిగి చూశారు. టీ ఒకసారి వచ్చింది, నీళ్ళలా ఉంది. ఎవరూ వంక పెట్టకుండా తాగారు. భోజనాలకి ముందు ఇంకోసారి కావాలని స్టేషన్ మాస్టరుగారు అడిగితే మా ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళారు. జ్యోతి సరిగ్గా అప్పుడే వచ్చింది.

ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇద్దరూ పతకాలు గెలిచినవాళ్ళేనట, ఒకే జ్యోతిని చెరో చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు. జనం లేచారు. మరిది లేచి ఈల వేశాడు. గోడలోని కిటికీలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఏమవుతోందక్కడ? ఎవరు వెలిగిస్తున్నారు? ఇక్కడికేం కనపడి చావట్లేదు!"

ఆ మాట ఆ కిటికీలోంచి అటువైపు నుంచి ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నా నోటిదాకా వచ్చి ఆగిందో. నేను తెర వైపు తిరిగే జవాబు చెప్పాను.

"టీచరండీ."

"టీచరా?"

"అవును. భూగోళం చెప్తుందట. మెట్లెక్కుతోంది. రేప్పొద్దున మళ్ళీ బడికి వెళ్తుందట. ఎల్లుండి కూడా."

మరిది నోరు తెరిచి నావైపు తిరిగాడు. "అదేంటి వదినా, అక్కడ..."

మామయ్యగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. తెర మీద ఇద్దరు పిల్లలు నవ్వుతూ జ్యోతిని పైకెత్తుతుంటే, ఆయన వాళ్ళనే చూస్తూ, వంటింటికి వినపడేంత గట్టిగా అన్నారు.

"అవునురా. నేనూ చూస్తున్నాను. టీచరే. బాగా వెలిగిస్తోంది."

మా ఆయన చేతిలో గరిటెతోనే పరుగున వచ్చి టీవీ ముందు నిలబడ్డారు. జ్యోతి వెలిగింది. ఆయన తెర వైపు చూశారు, వాళ్ళ నాన్న వైపు చూశారు, చివరికి నావైపు చూశారు. అప్పుడు వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడిన చప్పుడైంది. అలవాటు కొద్దీ హాల్లో అందరూ ఒక్కసారిగా నావైపే తిరిగారు.

నేను లేవలేదు.